గేటు బయట నిలబెట్టిన పిల్లల సంగతి: ప్రైవేటు బడుల, జూనియర్ కాలేజీల పెద్దలకు బహిరంగ లేఖ

యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, డీన్లకు, ఈ బడులను తనిఖీ చేయాల్సిన విద్యాధికారులకు,

నమస్కారం.

విద్యా సంవత్సరం మొదట్లో మేమిచ్చిన వినతిపత్రం మీద రసీదు ముద్ర పడింది, జవాబు మాత్రం రాలేదు. గుర్తు చేస్తూ రాసిన రెండో ఉత్తరానికి ఆ ముద్ర కూడా దక్కలేదు. అందుకని అదే విషయం అందరూ చదివేలా రాస్తున్నాం. పిల్లలకు క్రమశిక్షణ ఉండాలన్న మాట మీద మీకూ మాకూ పేచీ లేదు. నలభై మంది ఉన్న తరగతిని దారిలో పెట్టడం ఎంత పనో మాలో పాఠం చెప్పేవాళ్లకు రోజూ తెలిసేదే. పేచీ ఒక్కదానితోనే. కారణం ఏదైనా, వయసు ఎంతైనా ఒకటే శిక్ష, అదీ పిల్లవాడిని ఒక్క ముక్క అడక్కుండా. దానికి అడ్మిషన్ ఫారం వెనక మీరు పెట్టుకున్న పేరు ‘జీరో టాలరెన్స్’.

ఆ ఫారం ఒకసారి తిప్పి చూడండి. చిన్న అక్షరాల్లో నిబంధనల వరస. ఆలస్యమైతే గేటు మూత. ఫోను దొరికితే టీసీ. కొట్టుకుంటే ఇద్దరికీ టీసీ, ఎవరు మొదలుపెట్టారన్నది అనవసరం. చివరన ‘యాజమాన్యం నిర్ణయమే తుది నిర్ణయం’, దాని కింద తండ్రి సంతకం. ఫీజు కౌంటరు ముందు క్యూలో నిలబడి, వెనకవాళ్లు తోస్తుంటే పెట్టిన సంతకం అది. ‘విద్యార్థి చెప్పేది విన్న తర్వాత’ అనే మాట కాగితం మొత్తం వెతికినా కనబడదు.

దీనివల్ల జరుగుతున్నది ఇదీ.

1. గేటు. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేదీ, ఎవరూ శిక్ష అనుకోనిదీ ఇదే. 8.45కి గేటు మూస్తారు. 8.48కి ఎనిమిదో తరగతి అమ్మాయి వస్తుంది. వాచ్‌మన్ దగ్గర తాళం ఉంటుంది గానీ అధికారం ఉండదు. ‘సార్‌ని అడగాలి’ అంటాడు, సార్ ప్రేయర్‌లో ఉంటారు. గేటు దగ్గర రిజిస్టరు లేదు కాబట్టి ఆ పిల్ల వచ్చినట్టు ఎక్కడా రాసి ఉండదు. మొదటి పీరియడ్ హాజరులో ఆబ్సెంట్ పడుతుంది. ఆ జాబితా ఆఫీసుకు చేరి, అక్కడి నుంచి ‘ఈరోజు మీ అమ్మాయి బడికి రాలేదు’ అని ఇంటివాళ్ల ఫోనుకు మెసేజ్ పోయేసరికి పదిన్నర, పదకొండు. అప్పటిదాకా ఇంట్లోవాళ్లు బడిలో ఉందనుకుంటారు, బడివాళ్లు ఇంట్లో ఉందనుకుంటారు. ఆ రెండు గంటలు పదమూడేళ్ల పిల్ల ఎవరి పూచీ మీదా లేదు. మూడు నిమిషాల ఆలస్యానికి మీరు వేసిన శిక్ష అది. పాఠాలు పోవడం దాని తర్వాతి సంగతి.

ఆలస్యం ఎవరిదో కూడా చూడాలి. ఊరికి ఉన్నది ఒక్క ఆర్టీసీ ట్రిప్పే అయితే, అది పది నిమిషాలు వెనకబడితే, ఆ రూటు పిల్లలందరూ వెనకబడతారు. షేర్ ఆటోవాడు నిండేదాకా కదలడు. ఇంకో విచిత్రం: బడి సొంత బస్సు అరగంట ఆలస్యంగా వచ్చినా పిల్లలందరినీ లోపలికి పంపుతారు. ఫీజు కట్టించుకున్న బస్సుకు టాలరెన్స్ ఉంది, పాస్ మీద వచ్చే పిల్లలకు లేదు.

పరీక్షలకు నిమిషం ఆలస్యమైనా రానివ్వని నిబంధన పెట్టడానికి కనీసం ఒక కారణం చెప్పుకోవచ్చు. ప్రశ్నపత్రం తెరిచాక బయటివాళ్లు లోపలికి రాకూడదని. ఆ నిబంధనే నిలబడలేదు. 2024 పబ్లిక్ పరీక్షలు జరుగుతుండగానే తెలంగాణ ఇంటర్ బోర్డు దాన్ని సడలించి ఐదు నిమిషాల వెసులుబాటు ఇచ్చింది. పరీక్ష రాయనివ్వలేదన్న బాధతో ఒక కుర్రాడు ప్రాణం తీసుకున్నాక ఇచ్చిన వెసులుబాటు అది. ప్రశ్నపత్రమే లేని మామూలు మంగళవారం నాడు, ప్రేయర్‌కు మూడు నిమిషాలు ఆలస్యమైన పిల్ల మీద అంతకన్నా కఠినమైన నిబంధన ఎందుకో మీరే చెప్పాలి.

2. గోరింటాకు, జుట్టు, బూట్లు. ఆషాఢంలో అమ్మమ్మ ఆదివారం రాత్రి పెట్టిన గోరింటాకు సోమవారానికి పోదు. సబ్బుతో రుద్దినా పోదు, గోళ్ల మీద నెల దాకా ఉంటుంది. పిల్ల దిద్దుకోలేని దాన్ని తప్పు అనడం, అది చెరిగేదాకా రోజూ లైన్లోంచి బయటికి పిలవడం ఏ క్రమశిక్షణ నేర్పుతుందో మాకు అర్థం కాలేదు. బూట్లు తెగితే కొత్తవి కొనడానికి కూలి ఇంట్లో జీతం రోజు దాకా ఆగాలి. ఆ పది రోజులూ పిల్లవాడు దోషే.

3. ఫోను. హాస్టల్లో ఫోను దొరికితే అందరినీ స్టడీ అవర్లో పోగుచేసి, వాళ్ల ముందు నేలకేసి కొట్టడం చాలా చోట్ల ఆనవాయితీ. ఆ ఫోను సాధారణంగా ఆ పిల్లవాడిది కూడా కాదు. ఇంట్లో అమ్మది, కొన్నిసార్లు ఇంకా వాయిదాలు కడుతున్నది. తీసి పెట్టుకునే అధికారం బడికి ఉందనుకున్నా, పగలగొట్టే అధికారం ఏ నిబంధనా ఇవ్వదు. అసలు ప్రశ్న అడగరు: ఎందుకు తెచ్చాడు? ఆటలకా, ఇంటి మీద బెంగతోనా, ఎవరైనా బెదిరిస్తూ మెసేజ్‌లు పెడుతున్నారా? మూడోది అయితే పగిలిన ఫోనుతో పాటు సాక్ష్యమూ పోయినట్టే.

4. టీసీ. విద్యాహక్కు చట్టం, 2009 లోని 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసేయకూడదు. 2019లో వచ్చిన సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష తప్పినవాళ్లను అదే తరగతిలో ఉంచడానికి వీలిచ్చిందే తప్ప, బడి నుంచి పంపేయడానికి కాదు. ఇది మీకు తెలియక కాదు. తెలుసు కాబట్టే ‘బహిష్కరణ’ అని ఎక్కడా రాయరు. తండ్రిని పిలిపించి, ‘మా సొంత కారణాల వల్ల టీసీ కోరుతున్నాం’ అని తెల్లకాగితం మీద రాయించుకుంటారు. రాయకపోతే ప్రవర్తన గడిలో ‘బాగులేదు’ అని రాస్తామంటారు. అంతే, చట్టం కంటికి తండ్రే పిల్లవాడిని మాన్పించుకున్నట్టు.

ఏడాది మధ్యలో ఆ కాగితం చేతికొస్తే ఏమవుతుందో చెబుతాం. బడి పిల్లల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ వెబ్‌సైటు యూడైస్‌ప్లస్‌లో ఆ పిల్లవాడి పేరు ‘డ్రాప్‌బాక్స్’లోకి పోతుంది. కొత్త బడి దాన్ని తమ లెక్కలోకి లాక్కునేదాకా వాడు ఏ బడిలోనూ లేనట్టే. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితా, వెళ్లిపోయాక అయితే ఏ బడీ చేర్చుకోదు, ఆ ఏడు పోయినట్టే. మళ్లీ పై చదువుల కౌన్సెలింగ్‌లో స్థానికత నిరూపించుకోమని వరుస స్టడీ సర్టిఫికెట్లు అడిగినప్పుడు, ఈ ఖాళీ ఏడాది అక్కడ గుచ్చుకుంటుంది. ఒక తోపులాటకు ఇన్నేళ్ల వడ్డీ.

తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలకు 16వ సెక్షన్ వర్తించదన్నది నిజమే. ఆ సందులోనే మరో వ్యవహారం నడుస్తోంది. తొమ్మిదో తరగతి చివర్లో, ‘క్రమశిక్షణ లేదు’ అంటూ, మార్కులు తక్కువ వచ్చేవాళ్లకు టీసీలు ఇచ్చేయడం. మరుసటి ఏడు పదో తరగతి ఉత్తీర్ణత ఫ్లెక్సీలో నూరు శాతం అని వేసుకోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు.

5. హాజరు లెక్క. 220 పనిదినాల ఏడాదిలో 75 శాతం హాజరంటే 165 రోజులు. అంటే జ్వరాలకు, పెళ్లిళ్లకు, చావులకు కలిపి పిల్లవాడి చేతిలో ఉన్నది 55 రోజులు. పది రోజుల చొప్పున రెండుసార్లు సస్పెండ్ చేస్తే అందులో 20 మీరే తినేశారు. గేటు బయట ఆపిన రోజులు దానిమీద అదనం. చివరికి ‘హాజరు తక్కువ’ అని పరీక్ష ఫీజు కట్టించుకోని వాళ్లూ మీరే.

6. ‘చిన్న’ శిక్షలు. గోడకుర్చీ, గుంజీళ్లు, బెంచీ ఎక్కించడం, మోకాళ్ల మీద నిలబెట్టడం. కొట్టలేదు కదా, ఇవి దండన కాదని చాలామంది ఉపాధ్యాయులు నిజంగానే నమ్ముతారు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాల్లో బెంచీ మీద నిలబెట్టడం, గోడకుర్చీ వేయించడం, మోకాళ్ల మీద నిలబెట్టడం శారీరక దండన కిందే ఉన్నాయి. కులాన్ని, తల్లిదండ్రుల వృత్తిని ఎత్తి దెప్పడం మానసిక వేధింపు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ రెండింటినీ నిషేధించింది. అంతకుముందే, 2002లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యా నిబంధనలను సవరించి బడుల్లో దండన తీసేశారు. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లో 75వ సెక్షన్ 18 ఏళ్లలోపు అందరికీ వర్తిస్తుంది, కాబట్టి ఇంటర్ పిల్లలకు చట్టం లేదనుకోవద్దు. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవాళ్లే క్రూరంగా ప్రవర్తిస్తే ఐదేళ్ల దాకా కఠిన కారాగారం, ఐదు లక్షల దాకా జరిమానా పడొచ్చు.

‘దండం దశగుణం భవేత్’ అని స్టాఫ్‌రూముల్లో ఇప్పటికీ వినబడుతుంది. ఆ శ్లోకం మొదటి నుంచి చదివితే కర్ర ఏ పదింటికి అక్కరకొస్తుందో వరసగా ఉంటుంది: పక్షి, కుక్క, శత్రువు, పాము, పశువు, బురద, నీరు, గుడ్డితనం, చీకటి, ముసలితనం. విద్యార్థి ఆ జాబితాలో లేడు.

7. మార్కుల ప్రకారం సెక్షన్లు మార్చడం, వారం వారం ర్యాంకులు గోడకు అంటించడం కూడా క్రమశిక్షణ పేరుతోనే జరుగుతోంది. 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ ప్రైవేటు జూనియర్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యలను పరిశీలించాయి. 2025 జులైలో, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి, మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలి, టెలీ మానస్ 14416 లాంటి నంబర్లు అందరికీ కనబడేలా పెట్టాలి. మీ గోడల మీద ఇప్పుడు ర్యాంకర్ల ఫోటోలు ఎన్ని ఉన్నాయో, ఆ నంబరు ఎక్కడుందో చూసుకోండి.

ఇంతకీ ఈ ‘జీరో టాలరెన్స్’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికా బడుల్లో ఇది స్థిరపడింది 1994 నాటి తుపాకుల చట్టంతో. బడికి తుపాకీ తెచ్చిన విద్యార్థిని కనీసం ఏడాది బయట పెట్టాలన్న చట్టమది. అంత గట్టి చట్టంలో కూడా, ఒక్కో కేసునూ విడిగా చూసి శిక్ష తగ్గించే వీలు అక్కడి విద్యాధికారికి ఉంచారు. తర్వాత దాన్ని తుపాకుల నుంచి చిన్నాచితకా తప్పులకూ సాగదీశారు. 2006లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన బృందం పరిశీలించి, ఇలాంటి విధానాల వల్ల బడులు మరింత క్షేమంగా మారాయనడానికి ఆధారం లేదని తేల్చింది. అదే దేశంలో 1975 నుంచీ, పది రోజుల లోపు సస్పెన్షన్‌కైనా ముందు ఆరోపణ ఏమిటో విద్యార్థికి చెప్పి, అతని మాట వినాలని సుప్రీంకోర్టు తీర్పు ఉంది. మనం పేరు తెచ్చుకున్నాం, దాని వెంట ఉన్న మినహాయింపులను ఓడరేవులోనే వదిలేశాం.

సడలింపు లేకుండా ఉండాల్సినవి లేవా? ఉన్నాయి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా జైలు. అక్కడ చట్టం మీకు ఏ వెసులుబాటూ ఇవ్వలేదు. సరిగ్గా అక్కడే ‘బడి పరువు’, ‘అమ్మాయి భవిష్యత్తు’ అంటూ రాజీ మాటలు మొదలవుతాయి. ర్యాగింగ్ నిషేధ చట్టం, 1997 కూడా ఫిర్యాదు రాగానే విచారించమని, మొదటి చూపుకు నిజమని తేలితేనే సస్పెండ్ చేయమని చెప్పింది. ర్యాగింగ్ చేసినవాడికి దక్కే విచారణ, గోరింటాకు పెట్టుకున్న పిల్లకు దక్కడం లేదు.

మేం అడుగుతున్నవి:

1. గేటు వేసుకోండి, పిల్లల మీద వేయకండి. గేటు దగ్గర ఆలస్యాల రిజిస్టరు పెట్టండి. ఐదు గడులు చాలు: తేదీ, వచ్చిన సమయం, ఏ రూటు, పిల్లలు చెప్పిన కారణం వాళ్ల మాటల్లోనే, ఇంటికి ఫోను చేసిన సమయం. పదిహేను నిమిషాల లోపు అయితే చీటీతో నేరుగా తరగతికి పంపండి. మించితే ఆ పీరియడ్ అయ్యేదాకా లైబ్రరీలో కూర్చోబెట్టి రెండో పీరియడ్‌కు పంపండి. ఫోను పది నిమిషాల్లో వెళ్లాలి. నెలలో నాలుగోసారి అయితే తల్లిదండ్రులతో మాట్లాడండి, అదీ వాళ్ల కూలి పోని వేళలో. ఒకే రోజు ఒకే రూటు నుంచి ఐదుగురు ఆలస్యమైతే తప్పు పిల్లలది కాదు, బస్సుది. డిపో మేనేజరుకు ఉత్తరం రాయాల్సింది మీరు.

2. ఫోను దొరికితే పిల్లవాడి ముందే ఆపేసి, కవర్లో పెట్టి అతికించి, పేరు, తేదీ, మోడల్ రాసి, ఇద్దరి సంతకాలు తీసుకోండి. ఏడు రోజుల్లోపు తల్లిదండ్రుల చేతికి ఇవ్వండి. అందులోని మెసేజ్‌లు, ఫోటోలు ఎవరూ తెరవకూడదు. హాస్టల్లో ప్రతి పిల్లకూ వారానికి కనీసం రెండుసార్లు, పక్కన కేర్‌టేకర్ నిలబడకుండా, ఇంటికి మాట్లాడే వీలుండాలి. దొంగచాటు ఫోన్లలో సగం దానితోనే తగ్గుతాయి.

3. సస్పెండ్ చేసే ముందు ఆరోపణ ఏమిటో తెలుగులో, లేదా ఆ ఇంట్లో మాట్లాడే భాషలో, కాగితం మీద ఇవ్వండి. పిల్లవాడి సంజాయిషీ వాడి మాటల్లోనే రాయనివ్వండి, మీరు చెప్పి రాయించే ‘అపాలజీ లెటర్’ సంజాయిషీ కాదు. తల్లో తండ్రో పక్కన ఉండాలి. ఫిర్యాదు చేసినవారే తీర్పు చెప్పకూడదు. ఒకసారికి మూడు రోజులు మించకూడదు, ఆ మూడు రోజులూ బడి ఆవరణలోనే, హాజరు వేసి, నోట్సు ఇచ్చి.

4. ముందుగా సంతకం చేయించుకున్న టీసీ దరఖాస్తులు ఏవైనా ఫైళ్లలో ఉంటే తీసి చింపేయండి. ప్రవర్తన గడిని బెదిరింపుకు వాడకండి. అడ్మిషన్ ఫారం వెనక ఉన్న నిబంధనల్లో పిల్లలు తమంతట తాము దిద్దుకోలేని వాటిని కొట్టేయండి.

5. విద్యాధికారులకు ప్రత్యేకంగా: తనిఖీకి వెళ్లినప్పుడు ల్యాబ్, మరుగుదొడ్లు మాత్రమే చూసి రావద్దు. మూడు రిజిస్టర్లు అడగండి. ఆలస్యాలది, శిక్షలది, టీసీలది. జులై నుంచి ఫిబ్రవరి మధ్య ఎన్ని టీసీలు వెళ్లాయో, తొమ్మిదో తరగతి చివర ఎన్ని వెళ్లాయో లెక్కపెట్టండి. ‘సొంత కారణాలు’ అని రాసిన ప్రతి టీసీకి ఆ ఇంటికి ఒక ఫోను చేయండి. పదింట్లో నాలుగు ఇళ్లు చెప్పే కారణం వేరైతే ఆ బడికి నోటీసు ఇవ్వండి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద వచ్చే రాతపూర్వక ఫిర్యాదును స్థానిక సంస్థ మూడు నెలల్లో తేల్చాలి. ఆ ఫిర్యాదు ఎవరికివ్వాలో ప్రతి బడి నోటీసు బోర్డు మీద హోదాతో సహా రాయించండి.

6. 100 మంది, అంతకు మించి ఉన్న ప్రతిచోటా కౌన్సెలర్. డీన్‌నే కౌన్సెలర్ అని బోర్డు మార్చి పెట్టడం కుదరదు. శిక్ష వేసే మనిషి దగ్గర ఏ పిల్లా మనసు విప్పదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. ‘నాలుగు తగిలించండి సార్, మేమేమీ అనం’ అని మీలోనూ కొందరు చెప్పి వస్తున్నారు. ఆ మాట ఇంటికెళ్లేలోపే మరిచిపోతారు, బడి గుర్తుపెట్టుకుంటుంది. అడ్మిషన్ ఫారం వెనక సంతకం చేసేముందు ఫోనులో దాని ఫోటో తీసుకోండి. టీసీ కావాలని మీ చేత రాయించుకుంటుంటే, ‘బడి యాజమాన్యం అడిగినందువల్ల’ అన్న మూడు మాటలు ఆ కాగితంలో చేర్చండి. చేర్చనివ్వకపోతే సంతకం చేయకండి. పిల్లలు ఆపదలో ఉన్నారనిపిస్తే 1098కి ఫోను చేయండి.

ముప్పై రోజులు ఎదురుచూస్తాం. జవాబు మాకు పంపకపోయినా ఫరవాలేదు, పైవాటిలో ఏవి ఒప్పుకున్నారో, ఏవి ఎందుకు ఒప్పుకోలేదో మీ గేటు పక్కన నోటీసు బోర్డు మీద పెట్టండి. బయట ఆపిన పిల్లలకు చదువుకునే తీరిక ఎలాగూ ఉంటుంది.

ఇట్లు,
కొందరు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, న్యాయవాదులు